హల్లులు లేని ప్రశ్న

మంట ఇంకా ఉందా అనే అడిగి ఉంటాడు చిన్న డాక్టరు. మరింకేం అడుగుతాడు? చుక్కల మందు వేసింది అప్పుడే, కన్ను భగ్గుమన్నదీ అప్పుడే, పైగా ఆ గొంతులో ఉన్న మెత్తదనం నొప్పి గురించి అడిగేవాళ్ల గొంతులో ఉండే మెత్తదనమే. ఆఁ అంది తను, కొంచెం ఉందన్నట్టు. అందులో తప్పేముంది అని చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకుని టీచరు తనకు తానే నచ్చజెప్పుకుంటోంది. తల కింద దిండు లేదు. జుట్టంతా కాగితం టోపీలోకి తోసేశారు. ఆపరేషన్ ఏ కంటికో పొరపాటు పడకుండా కుడి కనుబొమ పైన గుండ్రటి స్టిక్కరు అంటించారు. దాని కింద, కంట్లో, నల్లగుడ్డు అంచున ఒకటి ఇటూ ఒకటి అటూ, చిన్న డాక్టరు సిరాతో పెట్టిన రెండు గుర్తులు. అవి ఎక్కడ పడ్డాయో ఆమెకు తెలియదు, తెలిసే దారీ లేదు, ఎవరి కంట్లోది వాళ్లకు కనిపించదు కదా. పైకప్పుకు వరసగా దీపాలు. కనుపాప విచ్చుకుపోయి ఒక్కో దీపం పక్కనా ఇంకో దీపం, దాని పక్కన దాని మసక. ఇన్నాళ్లూ ఒక్క నీడే ఉండేది, ఇవాళ ఆ నీడ కూడా పిల్లల్ని పెట్టింది. అటూ ఇటూ ఎవరెవరో నడుస్తున్నారు, అందరికీ మాస్కులు. పొద్దున లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క నోరు కనిపించలేదు. మిగతా రోగులకు మాస్కంటే ఒక గుడ్డ ముక్క. టీచరుకు మాత్రం అందరూ కూడబలుక్కుని తన ముఖం మీద తలుపు వేసినట్టుంది.

మొన్న వచ్చినప్పుడు ఆపరేషన్ వివరాలు చెప్పిన అమ్మాయికి మాస్కు లేదు. ఆ పిల్ల పెదాలు ఎంత చక్కగా కదిలాయో, కిటికీకి ఎదురుగా కూర్చుని, ప్లాస్టిక్ కన్ను ఒకటి చేతిలో పట్టుకుని, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. మీ కంటి ముందు పొర బంతిలా గుండ్రంగా లేదు ఆంటీ, ఒక పక్క నొక్కినట్టుంది, అందుకే ప్రతిదానికీ పక్కన నీడ, కళ్లద్దాలకు సిలిండర్ పవర్ అంటారే అదే. శుక్లం తీసి మామూలు లెన్స్ పెడితే మబ్బు పోతుంది, నీడ పోదు. టోరిక్ లెన్స్ పెడితే రెండూ పోతాయి, కాకపోతే దాన్ని ఏ పక్కకు తిప్పి పెట్టాలో ఆ పక్కకే పెట్టాలి. కాస్త తిరిగితే ఆ మేరకు పని చేయదు, బాగా తిరిగితే అసలు పెట్టనట్టే, ఇంకా తిరిగితే ఇప్పటికన్నా అధ్వానం. టీచరు అప్పుడు నవ్వింది, సీసా మూత పెట్టినట్టా అని. అంతకన్నా మొండిది ఆంటీ అంది ఆ పిల్ల. పడుకుంటే కన్ను తన గూట్లోనే కొంచెం తిరుగుతుందట. అందుకని చేత్తో చేసేటప్పుడు మనిషిని కూర్చోబెట్టి ముందే సిరాతో గుర్తు పెట్టుకుంటారట, పడుకున్నాక ఆ గుర్తును బట్టి లెన్స్ తిప్పుతారట. లేజర్ అయితే ఆ తంటా లేదు. మిషనే కంటి నమూనా ఫోటో తీసి పెట్టుకుంటుంది, పడుకున్నాక కన్ను ఎంత తిరిగిందో అదే లెక్క చూసుకుంటుంది, కోతలూ అదే పెడుతుంది. ఏది మంచిది అని అడిగితే పెద్ద డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది, ఫలితం రెండింటికీ దాదాపు ఒక్కటే, చేత్తో చేసేదానికి గుర్తు సరిగ్గా పడాలి, అంతే. ఇంట్లో ఆయనేమో చేత్తోనే చేయించుకో, మనిషి చేతిలో ఉన్నది మిషన్లో ఎక్కడిది అన్నాడు. టీచరు లేజరే అని పట్టుబట్టింది. ఎందుకో ఆయనకు చెప్పలేదు. మిషన్ ఎవరినీ ఏమీ అడగదు, అందుకు.

మరి మిషన్ చేసేదానికి ఈ సిరా ఎందుకు పెట్టినట్టు? ముందు జాగ్రత్తకి పెట్టి ఉంటారు. పిల్లలు పలక మీద రాసిందే మళ్లీ కాగితం మీద రాయమని తను చెప్పదూ, అలాగే. అలాగే అయి ఉండాలి. అసలు ఆ చిన్న డాక్టరు ఏమన్నాడో మళ్లీ గుర్తు చేసుకుంటే పోతుంది. టీచరు చెవికి అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. గుణింతం తెలుస్తుంది కానీ అక్షరం తెలియదు. క అన్నా త అన్నా ప అన్నా లోపలికి వచ్చేది ఒకే పొడి గాలి, దాని వెనక అ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఎడమ చెవి ఎప్పుడో జ్వరంతో పోయింది, కుడిది మెల్లగా పోతోంది. మిగతాదంతా పెదాలే. ఒకటో తరగతి పిల్లల దగ్గర అదొక పెద్ద విద్య, ముందు పళ్లు ఊడిన వాళ్ల పెదాలు ఒక రకంగా కదులుతాయి, వేలు చప్పరించడం మానని వాళ్లవి ఇంకో రకంగా. ఎవరైనా తన వెనక నుంచి అడిగితే, సమయం చూసి, సరే అనేస్తుంది. బయటికి వెళ్లొచ్చా టీచర్, సరే. వాడు నా బలపం తిన్నాడు టీచర్, సరే. అందుకే పిల్లలు పెట్టిన పేరు సరే టీచరు. పెద్దవాళ్లకు అది కూడా ముద్దే, ఆమె ముందు కూర్చుంటే ఎంత శ్రద్ధగా వింటుందో, కన్నార్పదు, మన ముఖంలోకే చూస్తుంది అని హెడ్మిస్ట్రెస్ ఒకసారి అందరి ముందూ మెచ్చుకుంది. చూడకపోతే ఎలా తల్లీ, చూపు తిప్పితే నీ మాట నేల పాలు అనుకుంది టీచరు, పైకి సిగ్గుపడినట్టు నవ్వింది. ఆమెకు ఆ రోజు నిజంగానే సిగ్గేసింది, అయితే వాళ్లనుకున్నందుకు కాదు. ఈ ఏడాది పెదాలకు నీడలు మొదలయ్యాయి. ప అన్నారో మ అన్నారో తేలేది కాదు. ఎడమ కన్ను పుట్టుకతోనే సోమరి కన్ను, దానికి మనిషి ఉన్నాడని తెలుస్తుందే కానీ నోరు తెలియదు. ఉన్నదల్లా ఈ కుడి కన్ను. ఇది చూపు ఒక్కటే కాదు, ఇదే చెవి కూడా. పెద్ద డాక్టరమ్మకు మొదటి సంగతి తెలుసు, రెండోది ఎవరికీ తెలియదు.

ఎవరికీ అంటే ఆయనకు కూడా. ఆయన మీసం కింది పెదవి దాకా వేలాడేది, మాట్లాడుతుంటే మీసమే ఆడేది, లోపల ఏం జరుగుతోందో ఎవరికెరుక. ముద్దుగా లేదు, తీసేయండి అని పోరి పోరి తీయించింది. ఈ వయసులో నా మీద ఇంత మోజేమిటే అని ఆయన పొంగిపోయాడు, నాలుగు రోజులు అద్దం ముందు నుంచి కదల్లేదు పాపం. చెప్పాలనుకుంది అప్పుడు. చెబితే ఏమయ్యేది? ఆయన జాలిపడేవాడు. జాలిపడి గట్టిగా అరిచేవాడు. ఇంట్లో అందరూ అరిచేవాళ్లు, అరిచి అరిచి విసిగిపోయి చివరికి చెప్పడం మానేసేవాళ్లు. అమ్మకు అలాగే జరిగింది. అమ్మ నడి వయసులోనే చెవిటిదైంది, పదిమంది కూర్చున్న చోట ఎవరు నవ్వితే వాళ్ల వైపు తిరిగి తనూ నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా. చెవిటి మాలోకం అని ఆమె ముందే అనేవాళ్లు, వినపడదన్న ధీమాతో. అమ్మ మాత్రం అది పెదాల మీద చదివే ఉంటుంది, ఇప్పుడు టీచరుకు ఆ సంగతి బాగా తెలుసు. చదివీ నవ్వేది. ఆ నవ్వంటే టీచరుకు ఇప్పటికీ భయం, ఒక్కోసారి అద్దంలో తన నవ్వు కూడా అదే కొలతలో కనిపిస్తుంది.

మంచం కదిలింది. తోసే మనిషి చెప్పే ఉంటాడు, వెళ్దామమ్మా అనో మరేదో, చెప్పలేదనుకోవడం అన్యాయం. దీపాలు తల మీంచి వెనక్కి పోతున్నాయి, ఒక్కోటి మూడేసి. ముందు లేజర్ గది, తర్వాత ఆపరేషన్ గది అని ఆ పిల్ల చెప్పింది, నడవాలో ఎడమ చేతి వైపు మొదటి తలుపు లేజర్‌ది, కంటికి రింగు పెడతారు, కాస్త నొక్కినట్టుంటుంది, భయపడకండి అని. టీచరు ఆ రింగు కోసం ధైర్యం కూడదీసుకుంది. ఎడమ వైపు తలుపు వచ్చింది. సోమరి కంటికి కూడా తెలిసింది, లోపల చీకటి. తలుపు మీద ఏదో కాగితం అతికించి ఉంది. మంచం అక్కడ ఆగలేదు. ఆగుతుంది, ఇంకొంచెం ముందుకు వెళ్లి వెనక్కి తిప్పుతాడు అనుకుంది. తిప్పలేదు. చీకటి తలుపు కాళ్ల వైపు చిన్నదైపోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది, పొద్దున తయారుచేసే గదిలో ఒక నర్సు వచ్చి నిలబడి చాలాసేపు ఏదో మాట్లాడింది. చివర్లో ఆగింది. ఆ ఆగడం టీచరుకు కొట్టిన పిండి, ఎదుటివాళ్లు ఏదో అడిగి జవాబు కోసం చూస్తున్నారని అర్థం. సరే అంది తను. ఎందుకైనా మంచిదని చేతి గాజులు కూడా తీసి ఇచ్చింది, నగలు తీయమని అడిగి ఉంటారని. నర్సు గాజుల వంక చూసింది, పక్కనున్న ఆమె వంక చూసింది, తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాటల్లో మొదట ఒక ఏ ఉంది, ఏ తర్వాత అ. లేజర్. లేజర్ గురించి ఏదో అడిగారు, తను గాజులు తీసి ఇచ్చింది.

అంటే ఇక చేత్తోనే. చేత్తో అయితే తప్పేం లేదు, డాక్టరమ్మే చెప్పింది కదా రెండూ ఒక్కటేనని, గుర్తు సరిగ్గా పడితే చాలునని. గుర్తు. అప్పుడు తను కుర్చీలో ఉంది. గోడ మీది చుక్కను చూడమని వేలితో చూపించారు, చూసింది. చిన్న డాక్టరు వంగాడు, సిరా కొన దగ్గరికి వస్తోంది, సరిగ్గా అప్పుడే అడిగాడు. మాస్కు వెనక నుంచి, మెత్తగా. మంట ఇంకా ఉందా. అ అ, ఇ ఆ, ఉ ఆ. వినడానికి తను ఏం చేసింది? ఎప్పుడూ చేసేదే చేసింది, కుడి చెవి ఆ డాక్టరుకు అందేలా తల ఎడమ భుజం మీదికి వాల్చింది. పిట్ట గింజను చూసినట్టు చూస్తావేమే అని ఇంట్లో ఆయన ఎగతాళి చేసే వాల్పు. ఆఁ అంది. అలా వాల్చిన తలతోనే ఉండగా చల్లటి కొన తాకింది, ఇటొకసారి, అటొకసారి. కాదు, అంత వాల్చి ఉండదు. కొంచెమే. కొంచెం అంటే ఎంత? మంట ఇంకా ఉందా, అ అ, ఇ ఆ, ఉ ఆ. అప్పుడు తట్టింది, అక్కడ ఉ ఆ ఒక్కసారి కాదు, రెండుసార్లు వచ్చింది. ఇ ఆ ఉ ఆ, మళ్లీ ఉ ఆ. మంట ఇంకా ఉందాలో అది ఇమడదు. ఖాళీలు పూరింపుము అని ఎన్ని వందల మంది పిల్లలకు ఇచ్చిందో, ఇప్పుడు తనకు వచ్చింది ఆ ఖాళీ. ఇ ఆ ఉ ఆ. షికారుకా, విడాకులా, ఏవీ కావు. మొదటి మాట మంట కాకపోతే? కల, వల, తల. తల. తల ఇ ఆ ఉ ఆ ఉందా. న పెట్టింది, ట పెట్టింది. తల నిటారుగా ఉందా.

తల నిటారుగా ఉందా అని అడిగాడు. అది వినడానికి తల వంచి, ఉంది అని చెప్పింది.

ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, చలి, పచ్చ గుడ్డలు, తల మీద పెద్ద గుండ్రటి దీపం. ఎత్తి బల్ల మీదికి మార్చారు. ఎవరో కంటి చుట్టూ చల్లటి నీళ్లలాంటిదేదో తుడుస్తున్నారు. ముఖం మీద కప్పే గుడ్డ, కంటికి మాత్రం చిల్లి ఉన్నది, నర్సు చేతుల్లో విప్పారుతోంది. అది పడిందంటే ఇక మాట్లాడకూడదని వివరాలు చెప్పిన ఆ పిల్ల ముందే చెప్పింది. ఇప్పుడే చెప్పాలి. ఏమని? గుర్తు తప్పు పడిందని చెబితే ఎలా తెలుసని అడుగుతారు, తల వంచానంటే ఎందుకు వంచారంటారు. దాని చివర ఉన్నది ఒక్కటే మాట, ఆ మాట బయట కూర్చున్న ఆయన దాకా పోతుంది, అక్కణ్ణుంచి బడికి పోతుంది, చెవిటి టీచరు పిల్లలకు అక్షరాలేం నేర్పుతుంది అని హెడ్మిస్ట్రెస్ చాలా మర్యాదగా అంటుంది. చెప్పకపోతే? కొంచెమే వంచిందేమో. ఏమీ కాదేమో. ఎంతమందికి చేశారు, చూసుకోరా? అయితే తప్పు గుర్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటే లెన్స్ అంత తప్పుగానే కూర్చుంటుంది, అది కూడా తెలుసు ఆమెకు. రేపు కట్టు విప్పాక ఒక్కో పెదవికి మూడు పెదాలు, ఆ మూడింటిలో ఏది మాట్లాడుతోందో తెలియదు, ఎవరు నవ్వితే వాళ్ల వైపు తిరిగి నవ్వాలి, ఒక్క క్షణం ఆలస్యంగా. పెద్ద డాక్టరమ్మ ముఖం పైన వంగింది, మాస్కు కదిలింది. ఆగింది. గది మొత్తం ఆగి ఆమె వైపు చూస్తోంది.

సరే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నాకు చెవులు వినపడవు," అంది టీచరు. మరీ గట్టిగా అంది కాబోలు, నర్సు చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మీరేం అడిగారో నాకు తెలీదు. పొద్దున్నుంచి ఎవరేం అడిగారో తెలీదు. గుర్తు పెట్టేటప్పుడు నేను తల వంచాను."

అందరూ ఒక్కసారిగా కదిలారు. డాక్టరమ్మ తల తిప్పి చిన్న డాక్టరుతో ఏదో అంది, ఆయన చేతులు గాలిలో తిరిగాయి, తను అడిగానని, ఈవిడ ఆఁ అన్నారని చెబుతున్నాడని టీచరుకు హల్లులతో సహా అర్థమైంది. పాపం ఆయన తప్పేం లేదని చెప్పబోయింది. ఈలోగా వాళ్లు ఆమెను లేపి కూర్చోబెట్టారు. డాక్టరమ్మ కుడి చెవికి నోరు ఆనించి, మాస్కులోంచే, బజార్లో దూరంగా పోతున్న మనిషిని పిలిచినట్టు అరిచింది.

"లేజర్ మిషన్ పాడైందమ్మా! చేత్తో చేయమంటారా, వారం ఆగి వస్తారా అని అడిగారు మిమ్మల్ని! సరే అన్నారట!"

"అన్నాను," అంది టీచరు.

"దేనికి సరే?"

"దేనికీ కాదు. ఊరికే."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు. చెప్పండి ఇప్పుడు, ఫర్వాలేదు." ఆ మాట అన్నాక నిజంగా ఫర్వాలేదేమో అని ఒక్క క్షణం అనిపించింది, వెంటనే భయం మళ్లీ వచ్చి గుండె మీద కూర్చుంది. డాక్టరమ్మ కళ్లు మాస్కు మీంచి ఆమెనే చూస్తున్నాయి, వాటిలో కోపం లేదు, ఉన్నది ఆలోచన, అది ఇంకా భయంగా ఉంది. తర్వాత రెండు అరచేతులతో టీచరు తలను పట్టుకుని, నిటారుగా నిలబెట్టి, అలాగే ఉంచింది. చిన్న డాక్టరు పాత గుర్తు వంక చూశాడు, కొత్తది పెట్టాడు. ఎంత తేడా అని టీచరు అడిగింది. డాక్టరమ్మ బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించింది. ఆ వేళ్లకు ఇంకో రెండేసి వేళ్లున్నాయి, మధ్యనున్న సందు ఎంతో పోల్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇవాళ వద్దనుకుంటే పంపించేస్తాను!" డాక్టరమ్మ మళ్లీ చెవిలో అరిచింది. "కంట్లో నా చెయ్యి ఉన్నప్పుడు నేను చెప్పేది మీకు వినపడాలి! దీపాన్ని చూడమంటే చూడాలి, కదలొద్దంటే కదలకూడదు! ఉన్నది ఈ ఒక్క కన్నే! లేజర్ బాగయ్యాక వస్తారా?"

"లేజర్ అయినా లోపలి శుక్లం తీసేదీ, లెన్స్ పెట్టేదీ మీరే కదండీ," అంది టీచరు. "అప్పటికి నాకు చెవులు రావు. ఇంటికి పోతే ఈ ధైర్యం కూడా ఉండదు, మళ్లీ మొదటికొస్తాను. ఇవాళే చేయండి."

డాక్టరమ్మ ఒక నర్సును పిలిచి టీచరు కుడి చెయ్యి ఆమె చేతిలో పెట్టింది. మళ్లీ చెవి దగ్గరికి వంగింది, ఈసారి ఒక్కో మాటా విడగొట్టి అరిచింది, ఒకసారి నొక్కితే దీపం వైపు చూడాలి, రెండుసార్లు నొక్కితే కదలకూడదు, దగ్గు వచ్చినా సరే కదలకూడదు. టీచరు తిరిగి అప్పజెప్పింది, ఒకటి దీపం, రెండు కదలొద్దు. తిరిగి అప్పజెప్పడం ఎంత గొప్ప సంగతో ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిందే కానీ తను ఎవరి దగ్గరా చేయలేదు. పడుకోబెట్టారు. గుడ్డ ముఖం మీద పడింది, ఊపిరి వెచ్చగా తన ముఖానికే తిరిగి తగిలింది. రెప్పలు కదలకుండా ఏదో బిగించారు. గది పోయింది, మనుషులు పోయారు, పచ్చ చీకట్లో ఒక చిల్లి, ఆ చిల్లి నిండా దీపం, చూడలేనంత తెల్లగా, అంచులు కరిగి కారుతున్నట్టు. నీళ్లు జారి కణత మీంచి చెవిలోకి పోతున్నాయి. శబ్దం అసలు లేదు, అచ్చులు కూడా లేవు. లోకంలో ఆమెకు మిగిలిందల్లా గుడ్డ కింద, రబ్బరు తొడుగు వేసుకున్న ఒక కొత్త మనిషి చెయ్యి.

ఆ చెయ్యి నొక్కింది. మొదలుపెట్టే ముందు పరీక్షకో, మొదలుపెట్టేశారో. ఒకసారి నొక్కినట్టుంది. దాని వెంటే ఇంకోటి వచ్చినట్టూ ఉంది, సగంలో ఆగినట్టూ ఉంది, వేళ్లు వణుకుతున్నాయి, అవి తనవో నర్సువో తెలియడం లేదు. దీపాన్ని చూడమన్నారా, కదలొద్దన్నారా? ఒకటి ఊహించుకోవచ్చు. జీవితమంతా ఊహించుకునే బతికింది, చాలాసార్లు సరిపోయింది కూడా. తెల్లటి వెలుగులోకి సన్నటి నల్లటి కొన ఏదో పక్కనుంచి వస్తోంది, దానికీ రెండు నీడలున్నాయి, మూడూ కలిసి దగ్గరికొస్తున్నాయి. టీచరు ఊపిరి బిగబట్టింది, తల కదలనివ్వలేదు, పెదాలు మాత్రం కదిపింది.

"తెలియలేదు," అంది గుడ్డ కింద నుంచి. "ఆగండి. మళ్లీ నొక్కండి."